కాటాకెక్కిన బొమ్మల కథలు



మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చుదామని అనుకునే వేళకు వీధిలోంచి ఒక కేక వినిపిస్తుంది చూడండి, "పాత పేపర్లు, పుస్తకాలు కొంటాం" అని. ఆ కేక చెవిన పడగానే మన చూపు అటకమీదికి పోతుంది. పోదూ మరి! దుమ్ము పట్టిన కట్టలు, వాటి మధ్య బొద్దింకలు, చూస్తే ఇరుకిల్లు. కాటాకెక్కిస్తే నాలుగు రూపాయలూ వస్తాయి, నాలుగడుగుల చోటూ కలిసొస్తుంది. ఇందులో తప్పేముందని మీరడుగుతారు. నేనూ అలాగే అడిగేదాన్ని.

ఇవాళ మీతో చెప్పబోయేది బొమ్మల కథల పుస్తకాల సంగతి. అవేనండీ, మన పిల్లలు కామిక్స్ అంటారే, గళ్ళు గళ్ళుగా బొమ్మలూ, మనుషుల నోటి దగ్గర బుడగల్లో మాటలూ, అవి. వాటికోసం దేశదేశాల్లో పెద్ద పెద్ద సమావేశాలు జరుగుతున్నాయి. కామిక్ కన్వెన్షన్ అంటారు. మన మాటలో చెప్పాలంటే బొమ్మల కథల తిరునాళ్ళు. "పిల్లల పుస్తకాలకు చరిత్రేమిటమ్మా, చోద్యం కాకపోతే!" అని నవ్వకండి. ఆ చరిత్రలో మనబోటి తల్లుల పాత్ర చాలా ఉంది. మెచ్చుకోలు తెచ్చిపెట్టే పాత్ర మాత్రం కాదు. అందుకే చెప్పాలనిపించింది.

ముందు నా తప్పు నేను చెప్పుకుంటాను. 2000 సంవత్సరంలో బెజవాడలో మా పుట్టింటివాళ్ళు పెద్ద వాటా ఖాళీచేసి చిన్న వాటాలోకి మారారు. సాయం చేద్దామని నేను వెళ్ళాను. మా తమ్ముడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. వాడి ట్రంకుపెట్టె నిండా ఇంద్రజాల్ కామిక్స్. చిన్నప్పుడు నాన్న కాంపులకు వెళ్ళొచ్చేటప్పుడు రైల్వేస్టేషన్లో కొని తెచ్చేవారు. "గడ్డాలొచ్చినవాడికి ఇంకా ఈ బొమ్మలెందుకే" అంది అమ్మ. "నిజమే" అన్నాను నేను. ట్రంకుపెట్టె మిగిలింది, పుస్తకాలు గోనెసంచిలోకి వెళ్ళాయి. 6 కిలోలు తూగాయి. కిలో 3 రూపాయల చొప్పున 18 రూపాయలు. ఆ డబ్బుతో కూరలు కొన్నాం. సెలవులకొచ్చిన తమ్ముడు ట్రంకుపెట్టె మూత ఎత్తి, చూసి, మళ్ళీ వేసేశాడు. ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే నేను మర్చిపోయేదాన్నేమో!

ఆ అప్పు తీర్చాలని చాలా ఏళ్ళ తర్వాత పాత పుస్తకాలు వెతకడం మొదలుపెట్టాను. హైదరాబాదులో ఆదివారంపూట ఆబిడ్సు పేవుమెంట్లు, బెజవాడ వెళితే లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లు. వాడికోసమని మొదలుపెట్టినదాన్ని, చివరికి నేనే ఆ పిచ్చిలో పడ్డాను. పదో తరగతితో చదువాపేసిన నాకు ఈ పుస్తకాల పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలన్న ఆశ కూడా అప్పుడే పుట్టింది. తెలుసుకున్నకొద్దీ ఒక విషయం అర్థమైంది. మా ఇంట్లో జరిగింది ఒక్క మా ఇంటి కథ కాదు.

అమెరికా సంగతి చూడండి. 1930లలో అక్కడ ఉద్యోగాల్లేక జనం అల్లాడుతున్న రోజులు. దినపత్రికల్లో వచ్చే బొమ్మల కథల్ని ఒకచోట చేర్చి, చిన్న పుస్తకంగా కుట్టి, 10 సెంట్లకు అమ్మడం 1934 నాటికి మొదలైంది. 1938లో యాక్షన్ కామిక్స్ అనే పుస్తకం మొదటి సంచికలో సూపర్‌మాన్ వచ్చాడు. ఆయన్ని పుట్టించినవాళ్ళు జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు. 130 డాలర్లు పుచ్చుకుని హక్కులన్నీ రాసిచ్చేశారు పాపం.

ఆ సంచిక సుమారు 2 లక్షల ప్రతులు అచ్చయిందని చెబుతారు. ఇవాళ ప్రపంచమంతా గాలించినా 100 ప్రతులు మిగిలి ఉంటాయేమోనని అంచనా. మరి తక్కినవన్నీ ఏమయ్యాయి?

కొన్ని పిల్లల చేతుల్లోనే చిరిగాయి. ఒకటి పదిమంది చదివేవారు, చివరివాడి దగ్గరికి వచ్చేసరికి అట్ట ఉండేది కాదు. తర్వాత రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. యుద్ధావసరాలకు కాగితం కావాలని ఇంటింటా పాత కాగితం పోగుచేశారు. ఆ పని చేసింది చాలావరకు పిల్లలే. తమ పుస్తకాలు తామే మోసుకెళ్ళి దేశంకోసం ఇచ్చేశారు. దాన్ని తప్పనలేం.

యుద్ధం ముగిశాక జరిగింది మాత్రం వేరు. బొమ్మల పుస్తకాలు పిల్లల్ని చెడగొడుతున్నాయని ఊరూరా మాట పుట్టింది. 1948 అక్టోబరులో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో స్పెన్సర్ అనే చిన్న ఊళ్ళో బడిపిల్లలు ఇల్లిల్లూ తిరిగి సుమారు 2,000 పుస్తకాలు పోగుచేశారు. వాటిని బడి వెనక కుప్పపోసి నిప్పుపెట్టారు. పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు. ఆ తర్వాత మరికొన్ని ఊళ్ళల్లోనూ అలాంటి మంటలు లేచాయి. మన భోగిమంటలో పాత చీపుళ్ళు వేస్తాం చూడండి, అంత తేలిగ్గా వేశారు.

1954లో ఫ్రెడరిక్ వెర్తమ్ అనే మానసిక వైద్యుడు ఒక పుస్తకం రాశాడు. పిల్లలు దొంగలుగా, దుర్మార్గులుగా మారడానికి ఈ బొమ్మల కథలే కారణమని ఆయన వాదన. అమెరికా సెనేట్ ఉపసంఘం ఆ ఏడే విచారణ జరిపింది. భయపడిన ప్రచురణకర్తలు తమకు తామే నిబంధనలు పెట్టుకుని, పాటించిన పుస్తకాల అట్టలమీద ముద్ర వేయడం మొదలుపెట్టారు. ఆ ముద్ర వాడకం 2011 దాకా సాగింది. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో వచ్చిన కొన్ని పుస్తకాలు తల్లులు హడలిపోయేలాగే ఉండేవి. తెగిన తలలు, నెత్తురు మడుగులు. ఆ తల్లుల భయం నేను అర్థం చేసుకోగలను. కానీ మంచీ చెడూ ఏరకుండా గంపగుత్తగా పారేశారు.

ఇంకో విశేషం వినండి. ఆ వైద్యుడి కాగితాలన్నీ అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. 2010లో వాటిని పరిశోధకులకు తెరిచారు. కారల్ టిల్లీ అనే ఆవిడ, గ్రంథాలయశాస్త్రం చెప్పే అధ్యాపకురాలు, ఆ కాగితాలన్నీ ఓపిగ్గా చదివింది. పిల్లలు చెప్పిన మాటల్ని ఆయన కొన్నిచోట్ల మార్చాడనీ, కొన్ని వదిలేశాడనీ, కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురు చెప్పింది ఒకరికే అంటగట్టాడనీ 2012లో బయటపెట్టింది. కాగితాలు దాచి ఉంచబట్టే కదండీ ఆ నిజం తేలింది!

అలా పుస్తకాలు పోగొట్టుకున్న పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఉద్యోగాలొచ్చాయి, చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. చిన్నప్పుడు సగం చదివిన కథ మిగతా సగం ఏమైందో తెలుసుకోవాలని మనసు పీకింది. కానీ ఎవరినడుగుతారు? ఈ వయసులో బొమ్మల పుస్తకాలేమిటని నవ్వరూ!

దారి చూపించింది ఉత్తరాలు. బొమ్మల కథల పుస్తకాల్లో పాఠకుల ఉత్తరాల పేజీ ఉండేది. రాసినవాళ్ళ పూర్తి చిరునామాలు అక్కడ అచ్చువేయడం మొదలుపెట్టారు. మన పత్రికల్లో కలంస్నేహం శీర్షికలుండేవి, గుర్తుందా? అలాగే ఎక్కడెక్కడివాళ్ళో ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు. 1961లో డెట్రాయిట్‌లో జెర్రీ బెయిల్స్ అనే అధ్యాపకుడు ఆల్టర్ ఈగో అనే చిన్న పత్రిక తెచ్చాడు. అదే ఏడు డాన్ థాంప్సన్, మాగీ కర్టిస్ అనే ఇద్దరు కలిసి కామిక్ ఆర్ట్ అనే ఇంకో పత్రిక పెట్టారు. మరుసటేడు వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు లెండి! 1983 నుంచి ఆ దంపతులే ఈ పుస్తకాలు సేకరించేవాళ్ళ పత్రిక ఒకదానికి సంపాదకులయ్యారు. 1994లో భర్త పోయినా మాగీ ఆ పని విడిచిపెట్టలేదు. అమెరికాలో ఈ వ్యాపకానికి పునాదిరాళ్ళు వేసినవాళ్ళలో ఒక ఇల్లాలు ఉందని తెలిసినప్పుడు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఉత్తరాల్లో పలకరించుకున్నవాళ్ళకు ముఖాలు చూసుకోవాలని ఉండదూ? 1964 మే నెలలో డెట్రాయిట్‌లో, జూలైలో న్యూయార్క్‌లో మొదటిసారి కలుసుకున్నారు. కలిసింది పట్టుమని వందమంది కూడా కాదు. ఏర్పాటుచేసినవాళ్ళు మీసాలు కూడా సరిగా రాని కుర్రాళ్ళు. బల్లలమీద పాత పుస్తకాలు పరుచుకుని మార్చుకున్నారు, కొనుక్కున్నారు. అంతే. నాలుగేళ్ళ తర్వాత న్యూయార్క్‌లో ఫిల్ స్యూలింగ్ అనే బడిపంతులు దాన్ని ఏటేటా జరిగే పండుగ చేశాడు.

ఇవాళ అందరికంటే ఎక్కువ పేరున్నది కాలిఫోర్నియాలోని శాన్ డియేగో ఊరి సమావేశం. షెల్ డార్ఫ్ అనే ఆయన, ఆయన చుట్టూ చేరిన కొందరు కుర్రాళ్ళు కలిసి మొదలుపెట్టారు. 1970 మార్చి 21న ఒక్కరోజు నడిపి చూశారు. ఆగస్టులో మూడురోజులు జరిపితే 300 మంది వచ్చారు. ఒక పాత హోటలు అడుగు అంతస్తే వేదిక. ఇప్పుడు ఆ సమావేశానికి లక్షా ముప్ఫయి వేలమందికి పైగా వస్తారు. సినిమావాళ్ళు, టెలివిజన్‌వాళ్ళు చేరిపోయి, పాత పుస్తకాల బల్లలు ఓ మూలకు జరిగాయనుకోండి.

జపాను కథ మరీ ముచ్చటైనది. 1975 డిసెంబరు 21న టోక్యోలో కామిక్ మార్కెట్ అని ఒకటి పెట్టారు. స్నేహితులు కొందరు కలిసి సొంతంగా గీసి, అచ్చువేసుకున్న చిన్న పుస్తకాల సంత అది. 32 బృందాలు వచ్చాయి. చూడడానికి వచ్చింది సుమారు 700 మంది. వాళ్ళలో నూటికి తొంభైమంది హైస్కూలు వయసు ఆడపిల్లలు! అక్కడ అమ్మేవాళ్ళని, కొనేవాళ్ళని వేరుచేసి చెప్పరు. వచ్చిన ప్రతివాళ్ళూ అందులో పాల్గొంటున్నవాళ్ళేనంటారు. 2019 డిసెంబరులో నాలుగు రోజులు జరిగితే 7,50,000 మంది వచ్చారు. బొమ్మల కథలు మగపిల్లల సొత్తని అనుకునేవాళ్ళకు ఈ లెక్క చెప్పండి.

ఇక మన దేశం సంగతి. 1964లో బొంబాయినుంచి ఇంద్రజాల్ కామిక్స్ మొదలయ్యాయి. ముసుగు వేసుకున్న ఫాంటమ్, ఇంద్రజాలికుడు మాండ్రేక్, ఇలా అమెరికా కథలే ఎక్కువ. 1976లో ఆబిద్ సుర్తి రాసిన బహదూర్ వచ్చాడు. చంబల్ లోయ దొంగల్ని ఎదిరించే మన వీరుడు. 1990లో ఆ ప్రచురణ ఆగిపోయేలోగా 800కు పైగా సంచికలొచ్చాయి.

ఆ ఇంద్రజాల్ కామిక్స్‌లో పనిచేసిన అనంత్ పాయ్‌గారే 1967లో అమర చిత్ర కథ బాధ్యత తీసుకున్నారు. ఢిల్లీ దూరదర్శన్‌లో ఒక ప్రశ్నోత్తరాల పోటీ చూశారట ఆయన. గ్రీకు దేవతల గురించి ఠకీమని చెప్పిన పిల్లలు రాముడి తల్లి ఎవరంటే నోరు తెరవలేదట. అప్పుడు పుట్టిన ఆలోచన అది. ఇందులో సేకర్తలకు మాత్రమే తెలిసిన కిటుకొకటి ఉంది. పాయ్‌గారి మొదటి పుస్తకం శ్రీకృష్ణుడి కథ. కానీ దానిమీద నంబరు 11 ఉంటుంది. ఎందుకంటే అంతకుముందు అదే పేరుతో కన్నడంలో వచ్చిన మొదటి పది విదేశీ కథలు. కొత్తగా పోగుచేసేవాళ్ళు ఒకటో నంబరు కృష్ణుడి కోసం వెతికి వెతికి అలిసిపోతారు!

మన దేశంలో కామిక్ కాన్ పేరుతో మొదటి సమావేశం 2011 ఫిబ్రవరిలో ఢిల్లీ హాట్‌లో జరిగింది. జీవితకాల సేవకుగాను పాయ్‌గారిని అక్కడ సన్మానించారు. అదే నెల 24న ఆయన కన్నుమూశారు. నలభై ఏళ్ళకు పైగా పిల్లలకు కథలు చెప్పిన మనిషికి ఆ గౌరవం చివరి వారంలోనైనా అందింది. 2013లో ఆ సమావేశం మన హైదరాబాదుకు వచ్చింది.

రెండేళ్ళ కిందట హైటెక్స్‌లో జరిగినప్పుడు నేనూ వెళ్ళాను. మా అమ్మాయి వెళతానంటే తోడుగా బయల్దేరానని మావారు అనుకున్నారు. తన చేతిసంచి పట్టుకోవడానికి వచ్చానని మా అమ్మాయి అనుకుంది. నా సంచిలో ఏముందో వాళ్ళిద్దరికీ తెలీదు. ఎక్కువున్న ప్రతులు పన్నెండు, ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకున్నాను. నాకు లేని నంబర్ల జాబితా, సరుకుల చీటీలాగా మడతపెట్టుకుని పర్సులో పెట్టుకున్నాను.

లోపలికి వెళితే కళ్ళు తిరిగాయనుకోండి! పిల్లలు రకరకాల వేషాలతో తిరుగుతున్నారు. ఒకడు రెక్కలు కట్టుకున్నాడు, ఒకమ్మాయి నీలం జుట్టు పెట్టుకుంది. మన సంక్రాంతి పగటివేషాలవాళ్ళను చూసినట్టే ఉంది. చొక్కాలు, బొమ్మలు, కప్పులు అమ్మే దుకాణాలే ఎక్కువ. పాత కాగితం కోసం వచ్చినదాన్ని నేనొక్కదాన్నేనేమోనని బెంగపడ్డాను.

అప్పుడు వరసలో నా ముందు నిలబడ్డ పెద్దమనిషి చేతిలో ఫైలు చూశాను. అందులో కవర్లు. కవర్ల వెనక అట్టముక్కలు. నావాళ్ళు నాకు దొరికారు! "మీ దగ్గర ఇంద్రజాల్ ఉన్నాయాండీ?" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మీ అబ్బాయికా మేడమ్?" అన్నారు. "నాకేనండీ" అన్నాను. చెప్పొద్దూ, ఆ మాట అనడానికి నాకు ఎక్కడలేని సిగ్గు వేసింది.

తిండి దుకాణాల పక్క మెట్లమీద కూచుని ఇద్దరం కట్టలు విప్పాం. వంకాయలు ఏరినట్టే ఉంటుందండీ ఈ బేరం. ముందు వెన్ను చూడాలి, వంకర తిరిగిందా అని. పిన్నులు తుప్పు పట్టాయా, మధ్యపేజీలు ఊడాయా, ఎవరైనా బొమ్మలు కత్తిరించుకున్నారా. పాత కాగితంలో చెక్కగుజ్జు ఎక్కువ. ఎండ తగిలితే పసుపురంగు తిరిగి, పెళుసెక్కి, అప్పడంలాగా విరిగిపోతుంది. అందుకే నీడలో, చెమ్మ లేనిచోట నిలబెట్టి దాచాలి. అమెరికాలోనైతే పుస్తకం ఎంత బాగుందో చూసి 10కి ఇన్ని అని మార్కులు వేస్తారు. 2000 సంవత్సరంనుంచి అలా మార్కులు వేసి, పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ పలకల మధ్య బిగించి ఇచ్చే కంపెనీ కూడా వచ్చింది. ఇక దాన్ని విప్పి చదవడానికి లేదు. అద్దాల పెట్టెలో పెట్టిన పులిహోర అన్నమాట!

అట్టమీదగాని లోపలగాని ఎవరైనా పేరు రాసుంటే మార్కులు తగ్గిస్తారనీ, ధర పడిపోతుందనీ ఆయనే చెప్పారు. "రాతలున్నవి తీసుకోకండి మేడమ్, తర్వాత ఎవరూ కొనరు" అని జాగ్రత్త కూడా చెప్పారు. ఆయనకు రెండు బహదూర్‌లు ఇచ్చాను. నేను ఏళ్ళతరబడి వెతుకుతున్న ఒక ఫాంటమ్ సంచిక ఆయన నాకు ఇచ్చారు. అచ్చం కొత్తదానిలా ఉంది. మా తమ్ముడి ట్రంకుపెట్టెలో పైన ఉండే పుస్తకం అదే. అట్టమీది బొమ్మ నాకు బాగా గుర్తు.

ఆ దీపావళికి తమ్ముడు వచ్చినప్పుడు వాడి చేతిలో పెట్టాను. "ఒరేయ్, నీ అప్పు తీర్చేశానురా" అన్నాను. వాడు అట్ట తడిమాడు. వాసన చూశాడు. మొదటి పేజీ తిప్పి అక్కడే ఆగిపోయాడు. కాసేపటికి, "బాగుందక్కా. కానీ నాన్న రాత లేదు కదా" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. నాన్న ఏ పుస్తకం తెచ్చినా రైల్లోనే మొదటి పేజీమీద ఎర్ర ఇంకుతో వాడి పేరు, తేదీ, కొన్న స్టేషన్ పేరు రాసేవారు. రాజమండ్రి, గుంతకల్లు, కాజీపేట, ఇలా. వాటిని కాటాకెక్కించినప్పుడు నాన్న వసారాలో కూచుని పేపరు చదువుకుంటున్నారు, మమ్మల్ని వారించలేదు. ఆయనకూ అవి ఉత్త బొమ్మల పుస్తకాలే. 2004లో ఆయన పోయారు. ఆయన చేతిరాత ఇప్పుడు మా దగ్గర కరెంటు బిల్లుల వెనక రెండు మూడు లెక్కలు తప్ప లేదు. మేము 18 రూపాయలకు అమ్మింది ఫాంటమ్ కథలు కాదండీ. ఏ ఊరు వెళ్ళినా కొడుకుని తలుచుకున్న తండ్రి జ్ఞాపకం. సేకర్తల లెక్కలో ఆ ఎర్రరాత మార్కులు తగ్గించే లోపం. మా తమ్ముడికి ఆ పుస్తకంలో విలువైనది అదొక్కటే.

వాడు నాతో ఆ మాట అనడానికి ఇన్నేళ్ళు పట్టింది. "అప్పుడే ఎందుకనలేదురా?" అంటే, "అమ్మ బాధపడుతుందని" అన్నాడు.

మా అమ్మ సంగతి కూడా చెప్పాలి. ఆవిడ బీరువాలో అడుగు అరలో, పట్టుచీరల కింద, నాలుగు బైండు పుస్తకాలున్నాయి. వారపత్రికల్లో వచ్చిన సీరియల్ నవలలు వారంవారం చింపి, పోగుచేసి, అట్ట వేయించుకున్నవి. ఎన్ని ఇళ్ళు మారినా వాటిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మీ అమ్మగారి దగ్గరా ఉండే ఉంటాయి. చందమామలు ఏడాదివారీగా బైండు చేయించుకున్న ఇళ్ళెన్ని లేవు! దాచుకోవడం మనకు తెలీని విద్య కాదన్నమాట. మనకు విలువైనది మనం దాచుకుంటాం. ఇంట్లో ఇంకొకరికి విలువైనదేమిటో అడగడం మర్చిపోతాం, అంతే.

అడగకుండానే దాచిన తల్లి కూడా ఉంది. 2024లో అమెరికాలో ముగ్గురు అన్నదమ్ములు, చనిపోయిన తల్లి ఇంటి అటక సర్దుతుంటే పాత పేపర్ల కింద అట్టపెట్టెలో కొన్ని బొమ్మల పుస్తకాలు బయటపడ్డాయి. ఆవిడ చిన్నప్పుడు తన అన్నదమ్ముడితో కలిసి కొనుక్కున్నవట. వాటిలో 1939లో వచ్చిన సూపర్‌మాన్ మొదటి సంచిక ఉంది. 2025 నవంబరు వేలంలో అది 91 లక్షల 20 వేల డాలర్లు పలికింది. మన లెక్కలో సుమారు 80 కోట్లు! అప్పటికి ఏ బొమ్మల పుస్తకానికీ అంత ధర రాలేదు. ఈ సంగతి చెబుతున్నానని అందరూ ఇప్పుడే అటకలెక్కకండి సుమా. మన అటకలమీద కోట్లు లేవు. తల్లులంతా దాచి ఉంటే దానికీ అంత ధర వచ్చేది కాదు. ఆవిడ ధరకోసం దాచలేదు. బీదరికపు రోజుల్లో అన్నదమ్ముడితో కలిసి పైసా పైసా కూడబెట్టి కొనుక్కున్నది కదా, అందుకే దాచి ఉంటుందని నా నమ్మకం.

కాబట్టి నేను చెప్పేది చిన్న విన్నపం. ఈసారి పాత పేపర్లవాడు కేక వేసినప్పుడు పిలవండి, తప్పులేదు. పేపర్లు వేయండి, నోటుపుస్తకాలు వేయండి. కానీ ఒక్క పూట ఆగి, ఆ కట్ట ఎవరిదో వాళ్ళని అడగండి. వాళ్ళు హాస్టల్లో ఉంటే ఫోను చేయండి. వేసేముందు మొదటి పేజీ ఒకసారి తిప్పి చూడండి.

నేను ఇప్పటికీ ఆదివారాలు ఆబిడ్సు వెళుతుంటాను. ఎవరి పేరో, ఏదో తేదీ రాసున్న పుస్తకం కనిపిస్తే, అది నా దగ్గర ముందే ఉన్నా సరే, కొనేస్తున్నాను. ధర పలకదని తెలుసు. బెజవాడలో కాటాకెక్కినవి ఏ దారిన ఎక్కడికి పోయాయో ఎవరికి తెలుసు? ఏదో ఒకరోజు మొదటి పేజీ తిప్పితే ఎర్ర ఇంకు కనిపించకపోతుందా అని, చిన్న ఆశ.